సవర కుడాన్‌బోయి చేసేది మూఢనమ్మకమని పిల్లలకు చెప్పవచ్చా?

ప్రశ్న: పార్వతీపురం నుంచి ఒక ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను పార్వతీపురం మన్యం జిల్లాలోని ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది సవర గిరిజనులు, మిగిలినవారు జాతాపు గిరిజనులు. గత నెలలో ఎనిమిదో తరగతిలో మూఢనమ్మకాల గురించిన పాఠం చెబుతూ, జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలే గాని పూనకం వచ్చినవారి మాటలు నమ్మకూడదని బోర్డు మీద రాశాను. తరగతి ముగిశాక ఒక అమ్మాయి అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరకు వచ్చింది. "టీచర్, మా అత్త కుడాన్‌బోయి. మా తాత చనిపోయిన తర్వాత ఆవిడ నోటితోనే మాతో మాట్లాడాడు. మా నాన్న ఏడ్చాడు. అది కూడా మూఢనమ్మకమేనా?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. ఆ రేపు వచ్చి మూడు వారాలు దాటింది.

నాకు తెలిసింది చాలా తక్కువ. రెండేళ్ల కిందట ఒక విద్యార్థి తండ్రి పిలిస్తే వాళ్ల ఊరికి వెళ్లి, ఒక రాత్రి అలాంటి కార్యాన్ని గడప దగ్గర కూర్చుని చూశాను. నడివయసు దాటిన ఒక స్త్రీ కాళ్లు చాచుకుని నేల మీద కూర్చుని చాలాసేపు ఒకే వరసలో పాడింది. ఉన్నట్టుండి ఆమె తల వాలిపోయింది, చేతులు కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కంగారు పడకుండా, అలవాటైన పనిలాగా, ఆమె మోకాళ్లను, మోచేతులను మెల్లగా వంచి, పిడికిళ్లను విప్పారు. ఆ తర్వాత ఆమె నోటి నుంచి సన్నటి గొంతు వచ్చింది. దానితో ఇంటివాళ్లు మాట్లాడారు, నిలదీశారు, ఏడ్చారు, ఒకసారి నవ్వారు కూడా. నాకు సవర భాష అంతంతమాత్రమే వచ్చు కాబట్టి మాటలు అర్థం కాలేదు. కానీ అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేస్తున్నట్టు మాత్రం నాకు అనిపించలేదు.

కుడాన్‌బోయి చేసే పని నిజానికి ఏమిటి? ఆ పనిలో స్త్రీలే ఎందుకు ఎక్కువగా కనిపిస్తారు? మన ఊళ్లలో అమ్మవారు పూనడం, ఎరుకలవాళ్లు సోది చెప్పడం లాంటిదేనా, లేక వేరా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పిల్లకు నేను ఏమని చెప్పాలి? ఇంకొక చిన్న విషయం కూడా ఉంది. వార్షికోత్సవానికి మా బడి గోడ మీద సవర బొమ్మలు వేయించాలనుకుంటున్నాం, ఆ బొమ్మలకూ కుడాన్‌బోయికీ సంబంధం ఉందని విన్నాను. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

సమాధానం: హైదరాబాదు నుంచి ఒక మానవశాస్త్ర విద్యార్థి

మేడమ్, మీరు గడప దగ్గర కూర్చుని చూసిన దృశ్యం, దశాబ్దాలుగా పరిశోధకులు రాస్తూ వచ్చిన వర్ణనలతో దాదాపు అక్షరం పొల్లు పోకుండా కలుస్తోంది. బిగుసుకున్న కీళ్లను తోటి స్త్రీలు వంచడం కూడా ఆ వర్ణనల్లో ఉంది. సవరల గురించి విస్తృతంగా రాసినవారిలో ఇద్దరిని ముందుగా చెప్పుకోవాలి. వెరియర్ ఎల్విన్ 1940లలో గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగి సేకరించిన సమాచారంతో 1955లో సవరల మతం గురించి పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆ తర్వాత పియర్స్ విటెబ్‌స్కీ 1975 నుంచి సవరల మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, చనిపోయినవారితో వాళ్లు జరిపే సంభాషణల మీదే తన జీవితంలో పెద్ద భాగాన్ని వెచ్చించారు. వీళ్లిద్దరికంటే ముందు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్న మన గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే మనం ఆయనను తలుచుకుంటాం గాని, కొండ దిగి వచ్చిన సవరలను కూర్చోబెట్టుకుని వాళ్ల మాటను కాగితం మీదికి తెచ్చిన శ్రమను ఇంకా ఎక్కువగా తలుచుకోవలసి ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న. కుడాన్‌బోయిని వైద్యురాలు అంటే సగమే చెప్పినట్టు, పూజారిణి అంటే అదీ సగమే. సవర సమాజంలో ఊరి దేవతల పూజలు, పంట పండుగల బాధ్యత బుయ్య అనే పూజారిది. కుడాన్ అంటే ఆత్మలతో నేరుగా మాట్లాడగలిగిన మనిషి. పురుషుడైతే కుడాన్ అని, స్త్రీ అయితే కుడాన్‌బోయి అని అంటారు. చనిపోయిన మనిషి సోనుం అవుతాడని, ఎలా చనిపోయాడో ఆ రీతిని బట్టి ఒక్కొక్క చోటికి చేరతాడని, బతికి ఉన్న తనవాళ్ల మీద మమకారం తీరక వాళ్లను తాకుతాడని, ఆ తాకిడి వల్ల తాను పడిన బాధే వాళ్లకూ వస్తుందని సవరల నమ్మకం. అంటే వాళ్ల దృష్టిలో జబ్బులో ఉన్నది పగ ఒక్కటే కాదు, తెగని ప్రేమ కూడా ఉంది. కుడాన్‌బోయి పాతాళానికి దిగే దారి కోతులు దిగేటంత నిటారుగా ఉంటుందని పాటలో చెబుతుంది. ముందుగా తనకంటే పూర్వం ఆ పని చేసి చనిపోయిన కుడాన్‌బోయిలను పేరుపేరునా పిలుస్తుంది. ఆమె ప్రాణం కిందికి దిగిపోయాక ఖాళీ అయిన నోటిలోకి చనిపోయినవారు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు.

ఆ మాటలు ఎలా ఉంటాయన్నదే ఈ విషయంలో అన్నిటికంటే గొప్ప సంగతి అని నా అభిప్రాయం. సోనుం వచ్చి భవిష్యత్తు చెప్పదు, ఉపదేశాలు ఇవ్వదు. నాకు దాహమేసినప్పుడు నువ్వు ఎక్కడున్నావని కొడుకును అడుగుతుంది. నా నగలు ఎవరికి ఇచ్చారని కోడలిని నిలదీస్తుంది. ఇంటివాళ్లు ఊరికే తలలు ఊపరు. జవాబు చెబుతారు, తప్పు ఒప్పుకుంటారు, మా పిల్ల జోలికి రావద్దని బతిమాలతారు, కొన్నిసార్లు గట్టిగా దెబ్బలాడతారు. ఇది ఒక్క రాత్రితో తీరిపోయేది కాదు. దహనం తర్వాత గువార్ అనే కార్యంలో చనిపోయినవారి పేర రాయి నాటి దున్నను బలి ఇస్తారు, ఆ తర్వాతి సంవత్సరాల్లో కార్జా అనే స్మరణ కార్యాలు చేస్తారు. ఈ కాలమంతా ఆ సంభాషణ సాగుతూనే ఉంటుంది. మొదట్లో కోపంగా, బాధగా మాట్లాడిన మనిషి ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడతాడు, తన పేరును పుట్టిన బిడ్డకు ఇస్తాడు, వంశాన్ని కాపాడే పెద్దల్లో కలుస్తాడు. చివరికి అతడిని గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా పోయాక సీతాకోకచిలుక అయిపోతాడు. దుఃఖానికి ఇంత ఓపికగా, ఇంత సుదీర్ఘంగా వేళ ఇచ్చిన ఏర్పాటును నేను మరెక్కడా చదవలేదు.

ఆ ఏర్పాటు నడిచేదంతా ఒక్క మనిషి గొంతు మీద. ఆమె ఎవరి పక్షమూ వహించకూడదు, ఎవరి రహస్యమూ బయటికి మోయకూడదు. పది కుటుంబాల బంధుత్వాలు, అప్పులు, తగాదాలు, చావులు ఆమెకు తెలిసి ఉండాలి. ఇదంతా ఒక చదువు.

స్త్రీలే ఎందుకన్న ప్రశ్నకు వస్తే, పురుషులు ఈ పనిలో లేరని కాదు. జబ్బుకు కారణం కనిపెట్టి చిన్న బలితో సరిపెట్టే పనిలో మగ కుడాన్‌లు ఉంటారు. అయితే చనిపోయినవారిని దాటించే పెద్ద కార్యాలు చేసేవారిలో స్త్రీలే ఎక్కువ. ఈ పనికి పిలుపు వచ్చే తీరు గురించి ఎల్విన్ రాసినది ఇలా ఉంటుంది. పెళ్లికాని అమ్మాయికి కలలో పాతాళ లోకపు యువకుడు ఒకడు వచ్చి తనను పెళ్లాడమంటాడు. అతడు సవరవాడు కాడు, గుర్రం మీద వచ్చే గొప్ప కులపు హిందువు. ఆమె కాదంటే జబ్బు పడుతుంది, తిండి మానేస్తుంది, అడవుల వెంట తిరుగుతుంది. చివరికి ఇంటివాళ్లు ఆ సంబంధానికి ఒప్పుకుని నిజంగానే పెళ్లి తంతు జరిపిస్తారు. ఆ లోకంలో ఆమెకు భర్త, పిల్లలు ఉంటారు, ఈ లోకంలో మామూలుగా మరొక పెళ్లి కూడా చేసుకుంటుంది. జీవితాంతం రెండు ఇళ్లు చక్కదిద్దుకుంటుంది. పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లి రెండు కుటుంబాల మధ్య మాట మోయడం మన ఆడపిల్లలందరికీ అలవాటైన పనే కాబట్టి, రెండు లోకాల మధ్య మాట మోయడానికి కూడా ఆడమనిషే తగినదని ఆ సమాజం భావించిందేమోనని నాకు తోస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. కానీ పూనకాన్ని ఆడవాళ్ల బలహీన మనస్సుకు అంటగట్టే పాత వివరణ కంటే ఇది ఆ రాత్రి మీరు చూసినదానికి దగ్గరగా ఉంటుంది.

బొమ్మల గురించి: వాటిని ఇడితాల్ అంటారు. గోడ మీద రాత అని చెప్పుకోవచ్చు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో వేస్తారు. చతురస్రం సోనుంకు ఇల్లు. అందులో గుర్రాలు, ఏనుగులు, గొడుగు పట్టినవాళ్లు ఉంటారు. ఎల్విన్ చూసిన కాలానికే సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా వచ్చి చేరాయి. వాటిని అలంకారం కోసం వేయరు. ఫలానా సోనుం అడిగిందని కుడాన్ గానీ కుడాన్‌బోయి గానీ చెబితేనే వేస్తారు. వేశాక ఆ ఆత్మను పిలిచి, కల్లు పోసి, ఇందులోకి వచ్చి కూర్చోమంటారు.

సమాధానం: మన్యంలో పనిచేసిన ఒక వైద్యుడు

పై సమాధానాన్ని గౌరవంతో చదివాను, చాలా నేర్చుకున్నాను. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను ఆరేళ్లు ఏజెన్సీలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఆ కొండల్లో వచ్చే జ్వరాల్లో ఫాల్సిపేరం మలేరియా ఉంటుంది. అది మెదడుకు ఎక్కితే ఒక పసిబిడ్డ ప్రాణం గంటల్లో పోతుంది. రాత్రంతా కార్యం చేసి, తెల్లవారాక డోలీ కట్టి, రోడ్డు దాకా మోసుకొచ్చిన బిడ్డను నా చేతుల్లో పెట్టినప్పుడు చేయడానికి ఇంకేమీ మిగలని సందర్భాలు నాకు ఉన్నాయి. ఆ తల్లుల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. అందువల్ల ఆ ఆచారంలోని అందాన్ని గురించి రాసే ప్రతి వాక్యం పక్కన, జ్వరం వస్తే వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేయించాలన్న వాక్యం కూడా ఉండాలని కోరుతున్నాను.

మరొక సంగతి. ఆడమనిషికి ఆత్మలతో మాట్లాడే శక్తి ఉందని నమ్మే చోటనే, ఆడమనిషికి చిల్లంగి, అంటే చేతబడి, పెట్టే శక్తి కూడా ఉందని నమ్ముతారు. ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు పత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం. తెలంగాణలో బాణామతి పేరుతో జరిగేది కూడా అదే. జబ్బుకు కారణం ఒక సోనుం అని చెప్పడం వేరు, పక్కింటి ముసలమ్మ అని చెప్పడం వేరు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పిల్లలకు స్పష్టంగా తెలియాలి.

అయితే ఒక విషయం ఒప్పుకుంటాను. ఆలస్యానికి కారణం ఎప్పుడూ కుడాన్‌బోయి కాదు. రోడ్డు లేకపోవడం, అంబులెన్సు కొండ కిందే ఆగిపోవడం, ఆరోగ్య కేంద్రంలో సవర భాష వచ్చినవారు ఒక్కరూ లేకపోవడం ఆమెకంటే పెద్ద కారణాలు. ఆమె దగ్గర రోగి మాట్లాడతాడు. నా దగ్గర తలూపి వెళ్లిపోయేవాడు.

సమాధానం: సవర కుటుంబం నుంచి ఒక ఏఎన్‌ఎం

డాక్టరుగారి చివరి వాక్యం దగ్గర ఆగి ఇది రాస్తున్నాను. నేను సవర అమ్మాయిని, సీతంపేట వైపు ఒక ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. మా నాన్న చెల్లెలు కుడాన్‌బోయి. మా కుటుంబం నా చిన్నప్పుడే క్రైస్తవంలోకి వచ్చింది, కాబట్టి మా మేనత్త పాడేటప్పుడు నేను ఆమె పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. అయినా కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని.

నా ఉద్యోగంలో ఆమె నాకు చేసిన సహాయం ఎవరూ చేయలేదు. మొదటి ఏడాది దోమతెరలు పంచడానికి వెళ్తే సగం ఇళ్లవాళ్లు తీసుకున్నారు గాని వాడలేదు. నేను ఆమెకే చెప్పుకున్నాను. ఆమె తన ఇంట్లో దోమతెర కట్టుకుంది. ఆ తర్వాత జ్వరమని తన దగ్గరకు వచ్చినవారిని, ముందు మా కోడలి దగ్గర రక్తం చూపించుకుని రండి, సోనుం రాత్రికి కూడా ఉంటుంది, ఎక్కడికీ పోదు అని పంపేది. ఆ మాట నేను చెబితే ఎవరూ వినేవారు కాదు. పరీక్షలో మలేరియా అని తేలితే మాత్ర వేసుకునేవారు, సాయంత్రం కార్యమూ చేసుకునేవారు. వాళ్లకు ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు కాలేదు. మాత్ర జ్వరానికి, కార్యం ఆ జ్వరం మా ఇంటికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు. రెండో ప్రశ్నకు నా సంచిలో మందు లేదు.

అందరు కుడాన్‌బోయిలూ మా మేనత్తలా ఉంటారని నేను అనను. మందు వద్దన్నవాళ్లను కూడా చూశాను. కానీ మా మేనత్త ఎన్నడూ ఒక మనిషి పేరు చెప్పి ఫలానావాళ్లు చేశారని అనలేదు. బతికి ఉన్నవాళ్ల మీద వేలు చూపిస్తే ఊరు రెండు ముక్కలవుతుందనేది.

ఆమె ఎంత ధనవంతురాలో అనుకుంటారేమో. కార్యానికి కాస్త బియ్యం, కొంత మాంసం, కల్లు, అంతే. మిగతా రోజుల్లో అందరిలాగే పోడుకు వెళ్లేది, చింతపండు కొట్టేది, జీడి తోటలో కూలి చేసేది. రాత్రంతా పాడి, తెల్లవారాక గొంతు పోయి, నీళ్లు మోసుకోవడం నేను చూశాను. ఈ పని ఆమెకు పెత్తనం ఇవ్వలేదు. కానీ పంచాయతీలో మగవాళ్లు మాట్లాడే చోట ఆమె నోరు తెరిస్తే అందరూ ఆగేవారు. అది మా ఊళ్లో ఇంకే ఆడదానికీ దక్కలేదు.

ఇప్పుడు ఆమె తర్వాత ఎవరూ లేరు. ఆమెకు వచ్చిన కలలు మా తరంలో ఎవరికీ రాలేదు, లేదా వచ్చినా ఎవరూ చెప్పలేదు. చర్చిలో మాకు ఓదార్పు లేదని కాదు. మా అమ్మ పోయినప్పుడు పాస్టరుగారు అమ్మ దేవుని దగ్గర ఉందని ప్రార్థన చేశారు, నేను ఆ ప్రార్థనను మనసారా నమ్మాను. కానీ అమ్మ నన్ను ఏమీ అడగలేదు, నేనూ అమ్మకు ఏమీ చెప్పుకోలేకపోయాను. ఆ రాత్రి మా మేనత్త వచ్చి, పాడకుండా, నా పక్కన ఊరికే కూర్చుంది.

టీచర్‌గారూ, ఆ పిల్లతో మీరు మాట్లాడేటప్పుడు దయచేసి తరగతి ముందు మాట్లాడండి. మీరు బోర్డు మీద రాసింది అందరూ చూశారు కదా.

సమాధానం: సికింద్రాబాద్ నుంచి

పూనకంతో పోలిక గురించి మాత్రమే రాస్తాను. మా ఉజ్జయిని మహంకాళి ఆలయంలో బోనాల మరునాడు రంగం జరుగుతుంది. మాతంగిగా ఉండే స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. 1813లో జంట నగరాల్లో కలరా వచ్చి వేలమంది చనిపోయినప్పుడు మధ్యప్రదేశ్‌లోని ఉజ్జయినిలో ఉన్న సైనిక డోలీ మోసే సురటి అప్పయ్య మొక్కుకుని, తిరిగి వచ్చాక 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర. అంటే ఇక్కడా మూలంలో ఉన్నది జబ్బే. కానీ మాతంగి నోట మాట్లాడేది అమ్మవారు, వినేది నగరం మొత్తం. వానలు పడతాయా, రోగాలు వస్తాయా అని పూజారులు అడుగుతారు. అమ్మవారితో ఎవరూ దెబ్బలాడరు. సవరల దగ్గర మాట్లాడేది సొంత తండ్రి, వినేది సొంత ఇల్లు. ఈ తేడా చిన్నది కాదు. ఎరుకల స్త్రీ చెప్పే సోది ఇంకా వేరు. ఆమె వేరే ఊరి నుంచి వచ్చి, గడపలో కూర్చుని, చేయి పట్టుకుని రాబోయేది చెప్పి వెళ్లిపోతుంది.

కొమురవెల్లి మల్లన్న జాతరలోనూ, ఎల్లమ్మ కొలుపుల్లోనూ కనిపించే శివసత్తుల విషయం కూడా జోడించాలి. జుట్టు విరబోసుకుని, ముఖానికి పసుపు రాసుకుని శిగమూగే ఆ స్త్రీ ముందు, ఆ కొద్దిసేపు, ఊరి పెద్దలు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు. అయితే దేవత పేరు మీద ఆడపిల్లలను జోగినులుగా వదిలేసిన దురాచారం కూడా ఈ నేల మీదిదే. దానిని ఆపడానికి 1988లో చట్టం చేయవలసి వచ్చింది. నెత్తిన దేవత ఉన్నంతసేపు దక్కే గౌరవం, దేవత దిగిపోయాక ఆ స్త్రీకి దక్కిందా అన్నది ప్రతి చోటా విడిగా అడగవలసిన ప్రశ్న. ఏఎన్‌ఎంగారు తమ మేనత్త గురించి రాసినది చదివాక ఆ ప్రశ్న నాకు మరింత స్పష్టమైంది.

సమాధానం: దక్షిణ కొరియాలో ఉంటున్న ఒక తెలుగువాడు

మూఢనమ్మకం అనే మాట గురించి ఒక దేశం అనుభవం చెబుతాను. కొరియాలో ఆత్మలతో మాట్లాడేవారిని ముదాంగ్ అంటారు, వారిలో అధిక భాగం స్త్రీలే. అక్కడా పిలుపు జబ్బు రూపంలోనే వస్తుంది, దానికి షిన్‌బ్యాంగ్ అని పేరు. సవర అమ్మాయి కల గురించి పైన చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. చోసన్ రాజుల కాలంలో కన్‌ఫ్యూషియన్ పండితులు ముదాంగ్‌లను నీచ వర్గంలోకి నెట్టారు. 1970లలో గ్రామాలను ఆధునికం చేసే సెమాఉల్ ఉద్యమం నడిచినప్పుడు, మిసిన్ తాఫా అనే నినాదంతో ఊరి గుళ్లను కూల్చారు, కార్యాలను అడ్డుకున్నారు. మిసిన్ అంటే మన మూఢనమ్మకమే, తాఫా అంటే పడగొట్టడం.

కిమ్ కుమ్‌హ్వా అనే ముదాంగ్ జీవితం ఈ చరిత్ర మొత్తానికి సాక్ష్యం. 1931లో ఇప్పటి ఉత్తర కొరియాలో పుట్టి, పదిహేడేళ్ల వయసులో తన అమ్మమ్మ చేతనే దీక్ష పొంది, యుద్ధకాలంలో దక్షిణానికి వచ్చారు. ఎన్నో వేధింపులు పడ్డారు. 1985లో అదే ప్రభుత్వం, పశ్చిమ తీరపు జాలరుల కోసం ఆమె చేసే పడవ కార్యానికి ఆమెను జాతీయ సాంస్కృతిక వారసత్వ ధారిణిగా గుర్తించింది. ఆమె 2019లో మరణించారు. చెజు దీవిలో సముద్రపు గాలి దేవతకు చేసే కార్యాన్ని 2009లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

పడగొట్టడమూ, పతకం ఇవ్వడమూ రెండూ నాకు కొంత ఇబ్బందిగానే ఉంటాయి. నేను ఇక్కడ ఒక వేదిక మీద, టికెట్టు కొనుక్కున్న జనం ముందు ఇలాంటి కార్యాన్ని చూశాను. నాట్యం, సంగీతం అద్భుతంగా ఉన్నాయి. కానీ అక్కడ చనిపోయినవారు ఎవరికీ బంధువులు కారు. మీ బడి గోడ మీద బొమ్మల గురించి ఆలోచించేటప్పుడు ఇది ఒకసారి గుర్తుచేసుకోండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. ఏఎన్‌ఎంగారూ, మీరు చెప్పినట్టే తరగతి ముందే మాట్లాడాను. నేను రాసినదానిలో ఒక సగం నిలుస్తుందని, ఒక సగం నాకు తెలియక రాశానని చెప్పాను. జ్వరం వస్తే ఎవరి ఇంట్లోనైనా ముందు రక్తపరీక్ష చేయించాలన్న వాక్యాన్ని మళ్లీ రాశాను. బతికి ఉన్న ఏ మనిషినైనా చిల్లంగి చేశారని వేలెత్తి చూపడం తప్పు, నేరం అని దాని కింద రాశాను. పూనకం గురించిన వాక్యాన్ని తుడిచేశాను. ఆ చోట ఏమి రాయాలని పిల్లలను అడిగితే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీలోని ఒక జాతాపు అబ్బాయి, "వాళ్ల పెద్దలతో మాట్లాడతారు అని రాయండి టీచర్" అన్నాడు. అలాగే రాశాను. ఆ అమ్మాయి తన పుస్తకంలో దాన్ని సవర భాషలో కూడా రాసుకుంది, తెలుగు లిపిలో.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. వార్షికోత్సవానికి బడి గోడ మీద ఇడితాల్ వేయగలరా అని ఆ పిల్ల ద్వారానే వాళ్ల అత్తను అడిగించాను. సోమవారం జవాబు వచ్చింది. తిన్నగా కూర్చుని కబుర్లు చెప్పమంటే బడికి వస్తానన్నారట, గోడ మీద గుర్రాలు, చెట్లు ఎలా వేస్తారో పిల్లలకు నేల మీద ముగ్గుపిండితో గీసి చూపిస్తానన్నారట. కానీ గోడ మీద మాత్రం వేయనన్నారట. "ఇల్లు కట్టి పెడితే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. ఆ బడిలో ఇల్లు కావాలని అడిగినవాళ్లు ఎవరూ లేరు కదా" అని చెప్పమన్నారట.